వృద్ధాశ్రమకథలో లేని వృద్ధులు

ఈ సంవత్సరము మా పాఠశాలలో పై తరగతుల విద్యార్థులకు కథారచనలో పోటీ పెట్టితిమి. వచ్చిన కథలు 37. వానిలో 11 వృద్ధాశ్రమమును గూర్చినవి. విషయమును మేము నిర్ణయింపలేదు, పిల్లలే యెన్నుకొనిరి. ఈ 11 కథలలో 10 నిజమునకు ఒక్కటే కథ. కుమారుడు అమెరికాలో నుండును. కోడలు కఠినురాలు. తల్లి పొలమమ్మి కొడుకును చదివించినది. ఒకనాడామెను కారులో నెక్కించుకొని పోయి ఆశ్రమమున దింపి, వెనుదిరిగి చూడక పోవుదురు. తల్లి కిటికీ కడ కూర్చుండి యెదురుచూచును. తుదకామె మరణించును. దిండు క్రింద నొక యుత్తరము దొరకును. అందు కొడుకును క్షమించుచు నాలుగు మాటలుండును. కొడుకు ఏడ్చును. కథ ముగియును.

పిల్లలను నిందింప మాకు మనసు రాదు. వారు చదివిన పత్రికలలోను, చూచిన చలనచిత్రములలోను నున్నది ఈ కథయే. పెద్దలు వ్రాసినదానిని పిన్నలు తిరిగి వ్రాసిరి. కావున మా విమర్శ పిల్లల మీద గాదు, ఆ కథ మీద. దానిలో కన్నీరెక్కువైనదని కొందరందురు. కన్నీరు దోషమని మేమనము. దోషము వేరొకచోట నున్నది. ఈ కథలోని తల్లికి అన్నియు జ్ఞాపకమున్నవి. అమ్మిన పొలము, కట్టిన రుసుము, కొడుకు పుట్టిన దినము, అన్నియు నున్నవి. ఉత్తరములో గుణింతము కూడ తప్పలేదు. ఆ జ్ఞాపకము లేనిచో ఈ కథ అడుగైన ముందుకు సాగదు. ఒకనిని క్షమింపవలెనన్న వాడు చేసిన తప్పు జ్ఞాపకముండవలెను గదా! కొడుకును కొడుకని యెరుగని తల్లి, తానున్న యూరేదో తెలియని తండ్రి ఈ కథలో నెచ్చటను లేరు.

ఈ లోపము నేటిది గాదు. ఆంగ్లమున లియరు రాజు కథ యున్నది. ఆ ముసలి రాజు రాజ్యము పంచియిచ్చి, ఇద్దరు కుమార్తెల యిండ్ల నెల కొకచోట నుందునని యేర్పాటు చేసికొనెను. మన వైపున అన్నదమ్ములు వంతులు వేసికొని తల్లిని నెల కొక యింట నుంచుకొనుట యిట్టిదే. ఆ రాజునకు మతి చలించినది, నిజమే. కాని పిచ్చిలో సైతము కూతుండ్రు చేసిన ద్రోహమును మరువలేదు. కడపట చిన్న కూతురిని గుర్తించును. ఆ గుర్తింపు మీదనే నాటకమంతయు నిలిచియున్నది. మన సంస్కరణసాహిత్యమునకు ముసలివాడు కావలసివచ్చినది దోషిగానే. కన్యాశుల్కములోని లుబ్ధావధాన్లను చూడుడు. అతని ముదిమి పసిపిల్లను కొనగోరు దురాశకు గుర్తు. ఆ నాటికది కావలసినదే. కాని ముదిమి యనగా లోభమో లేక నిర్దోషమైన దుఃఖమో యను రెండు మూసలు మాత్రమే మనకు మిగిలినవి. ముదిమిలో రోగమొకటి రావచ్చునను మాట ఆ రెంటిలో దేనియందును ఇముడదు.

ఆ రోగమును వైద్యులు డిమెన్షియా యందురు. అది ఒక్క వ్యాధి గాదు, పలు వ్యాధుల వలన గలుగు స్థితి. వానిలో మిక్కిలి వ్యాపించినది అల్జీమర్సు వ్యాధి. అల్జీమరను జర్మను వైద్యుడు 1901లో ఫ్రాంక్‌ఫర్టు ఆసుపత్రికి వచ్చిన యొక స్త్రీని పరీక్షించి, ఆమె 1906లో మరణించిన పిమ్మట మెదడును సూక్ష్మదర్శినిలో చూచి, అందలి మార్పులను లోకమునకు తెలిపెను. రోగము వచ్చునాటికామె వయస్సు సుమారు 50 మాత్రమే. మన దేశములో 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7 గురికి పైగా, అనగా సుమారు 88 లక్షల మంది, ఈ స్థితిలో నున్నారని 2023లో ప్రకటింపబడిన దేశవ్యాప్త పరిశోధన తేల్చినది. పురుషులకంటె స్త్రీలలోను, పట్టణములకంటె పల్లెలలోను ఇది హెచ్చని కూడ తెలిపినది. ఇంతమంది యున్నను మన యిండ్లలో దీనికి వాడుకలో నున్న పేరు చాదస్తము. చెప్పినదే చెప్పుట చాదస్తము. ఇనుపపెట్టె తాళము బియ్యపు డబ్బాలో దాచి కోడలు దొంగిలించినదనుట చాదస్తము. పొయ్యి మీద పాలు మరచుట చాదస్తము. ఈ మాటను నమ్మి ఇంటివారు రెండేండ్లు, మూడేండ్లు వైద్యుని కడకు పోరు.

సంస్కృతము చదివిన మా బోటివారికి మరియొక జాడ్యము కలదు. క్రోధమునుండి సమ్మోహము, దానినుండి స్మృతిభ్రంశము పుట్టునని గీతలో చెప్పిన క్రమమును తెచ్చి ఈ రోగమునకంటగట్టుదుము. అచ్చట చెప్పినది విషయచింతచే వివేకము కోల్పోవు మనుష్యుని గూర్చి. మెదడు క్షీణించిన ముదుసలిని గూర్చి కాదు. శ్లోకమును సందర్భమునుండి తెంచి రోగి మీద పాపము మోపుట పాండిత్యము గాదు. తర్కశాస్త్రము దీనికంటె నెక్కువ ఉపయోగించును. స్మృతి సంస్కారమునుండి పుట్టునని తార్కికులందురు. అల్జీమర్సు వ్యాధిలో మొదట చెడునది క్రొత్త సంస్కారమును నిలుపుకొను శక్తి. బాల్యములో నాటుకొన్నది చాలకాలము నిలుచును. ఇప్పుడే భోజనము చేసిన సంగతి మరచి మరల విస్తరి వేయుమను వృద్ధుడు అరువదేండ్ల క్రింద నేర్చిన పాఠమును తడబడక యప్పగించుట ఇందుచేతనే. నటించుచున్నాడని ఇంటివారు పొరపడుటయు నిందుచేతనే.

ఈ సంగతి మాకు పుస్తకము వలన గాదు, మా గురువుగారి యింట తెలిసినది. ఆయన మాకు అమరము చెప్పినవారు. పెదవాల్తేరులో ఆయనయు, ఆయన భార్యయు నివసించుచుండిరి. కుమారులిద్దరును విదేశములలో నున్నారు. గురువుగారు రాత్రి రెండవ జామున లేచి, బడికి వేళ యైనదని గొళ్లెము తీసికొని వీథిలోనికి పోవుచుండెడివారు. డెబ్బదినాలుగేండ్ల ఆ తల్లి తన చీర చెంగును ఆయన ముంజేతికి ముడివేసికొని పరుండెడిది. ఆయన కదలినచో తనకు మెలకువ రావలెనని. మేము పోయినపుడు ఆమె యొకనాడు, “బాబూ, రుషికొండ దగ్గర ఇటువంటి వారిని చూచెడి ఇల్లొకటి యున్నదట. ఒకసారి పోయి చూచి వచ్చెదవా?” అని యడిగినది. మేము పోలేదు. పోక, ఆమెకు ధర్మోపన్యాసము చేసితిమి. అంతటి పండితుని ఆశ్రమములో విడిచినారని లోకమేమనునో యాలోచింపుమంటిమి. ఆమె మారు పలుకక మాకు కాఫీ తెచ్చియిచ్చినది. అయిదు నెలల తరువాత, వీథి గుమ్మమున ఆయనను పట్టుకొనబోయి పడి ఆమె తొడయెముక విరిగినది. ఆ రాత్రి మేము చెప్పిన ధర్మము అక్కడ లేదు. ఎదురింటి కాపలాదారు ఉండెను.

ఇప్పుడు గురువుగారు రుషికొండలో నున్నారు. మేము నెలకు రెండుసారులు పోవుదుము. రుషులు తపస్సు చేసిన కొండ యని ఆ యూరి పేరు చెప్పుకొందురు. ఆ కొండను తొలిచి కట్టి 2024లో ప్రారంభించిన భవనములను గూర్చి రాష్ట్రమంతయు వాదించినది. దానికి కొంత దూరమున నున్న ఈ యింటిని గూర్చి యెవరును వాదింపలేదు. గుమ్మము పలక మీద వానప్రస్థమను శబ్దము వ్రాసియున్నది. ఈ మాట మీద మాకు తగవు కలదు. వానప్రస్థమనగా, బుద్ధి నిలుకడగా నున్న గృహస్థు తన యిచ్ఛచే పోవుట. భారతమున ధృతరాష్ట్రుడు తానుగా ధర్మరాజు ననుమతి వేడి యడవికి పోయెను. ఆ రాజు ఒప్పుకొనుటకు వ్యాసుడు వచ్చి చెప్పవలసివచ్చినది. మా గురువుగారు ఎవరి ననుమతియు వేడలేదు. ఎక్కడికి పోవుచున్నామని కారులో నాలుగుసారు లడిగిరి. దీనికి వానప్రస్థమని పేరు పెట్టుట ఇంటివారి మనస్సును ఊరడించుటకే గాని సత్యము గాదు. ఆ పర్వములో మాకు పనికివచ్చినది వేరొక సంగతి. ప్రయాణమున ధృతరాష్ట్రుడు గాంధారి భుజము మీద చేయి వేసెను. కన్నులకు గంత గట్టుకొన్న గాంధారి కుంతి భుజము మీద చేయి వేసెను. ఆ వరుసలో చూపున్నది కుంతికి మాత్రమే. రాజ్యమేలు కొడుకులను విడిచి ఆమె యేల పోయినదని మన కవులు విచారించినంతగా, దారిలో ఆమె భుజమెంత నొచ్చినదని విచారింపలేదు.

ఆ యింట 14 మంది యున్నారు. వారిలో ఉక్కు కర్మాగారమున క్రేను నడిపిన వృద్ధుడొకడు. ప్రతిదినము మధ్యాహ్నము ఒంటిగంటన్నర కాగానే చొక్కా తొడుగుకొని, బి షిఫ్టుకు వేళ యైనదని ద్వారము కడకు వచ్చును. మొదట మేము, “అయ్యా, మీరు ఉద్యోగ విరమణ చేసి చాలా యేండ్లైనది” అని చెప్పితిమి. ఆయన మొగము వెలవెలబోయినది. అచ్చట పనిచేయు విజయనగరము వైపు పిల్ల మమ్ము కన్నులతో వారించి, “తాతా, బస్సు వచ్చేదాకా అలా తిరిగొద్దాం, రా” అని చేయి పట్టుకొని ఆవరణములో రెండు చుట్లు త్రిప్పినది. మూడవ చుట్టున ఆయన బస్సును మరచి వేపచెట్టు మీది ఉడుతను గూర్చి మాటలాడుచుండెను. ఉన్నమాట చెప్పవలెనని యిరువదేండ్లుగా పిల్లలకు బోధించుచున్న మాకు ఆ పిల్ల చేసినది అబద్ధమని తోచలేదు. సంజవేళ ఈ రోగులకు కలత హెచ్చును; ఇంటికి పోవుదుమందురు, ఏడ్తురు. ఆ వేళకు దీపములు ముందుగా వెలిగించి, అందరిని ఒకచోట కూర్చుండబెట్టి చిక్కుడుకాయలో గోరుచిక్కుళ్లో ఈనెలు తీయుమని యిత్తురు. స్నానపు గది తలుపునకు మాత్రము వేరు రంగు వేసినారు. చదువు మరచినవారు రంగును బట్టి పోల్చుకొనుటకు.

ఇంతమాత్రముచే ఆ యింటికి మేము ప్రశంసాపత్రము వ్రాయుట లేదు. రాత్రివేళ 14 మందికి ఒక్క మనిషియే కాపున్నది. మేము దీనిని గూర్చి అడిగినపుడు యజమాని సముద్రపు గాలిని గూర్చి చెప్పెను. అక్కడ నెలకు తీసికొను సొమ్ము గురువుగారి పింఛనును మించినది. మిగిలినది కుమారులు పంపుదురు. పింఛను లేని జాలరి తల్లికి ఈ వ్యాధి రాదా? నగరములో డాబాగార్డెన్సు కడ ప్రేమసమాజము 1930 నుండి అనాథలను, వృద్ధులను ఆదరించుచున్నది. ఇట్టి సంస్థలు ఆకలిగొన్నవారికన్నము పెట్టగలవు గాని, రాత్రి మేలుకొని తిరుగువారిని కనిపెట్టుటకు వేరు శిక్షణ కావలెను, వేరు మనుష్యులు కావలెను.

చట్టములు లేకపోలేదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము, జిల్లాకొక్కటికి తక్కువ గాకుండ, 150 మంది పేద వృద్ధులకు సరిపోవు గృహములను ప్రభుత్వము నెలకొల్పవచ్చునని చెప్పుచున్నది. వ్యాకరణము చెప్పుకొని బ్రదుకువారము గనుక మాకు “వచ్చును” నకును “వలెను” నకును గల దూరము తెలియును. ఆ చట్టమే వృద్ధులను విడిచిపెట్టినవారికి మూడు నెలల కారాగారమునుగాని, 5,000 రూపాయల జరిమానానుగాని, రెంటినిగాని విధించినది. కాని ఆ నేరమునకు పూర్తిగా వదలివేయవలెనను తలంపు ఉండవలెనని స్పష్టముగా నున్నది. మన కథకులు ఈ భేదమును పాటింపరు. వారి దృష్టిలో గుమ్మము దాటించుటయే వదలివేయుట. 2017 నాటి మానసిక ఆరోగ్యరక్షణ చట్టము జ్ఞాపకశక్తికి కలుగు తీవ్రవైకల్యమును కూడ మానసికవ్యాధి నిర్వచనములో చేర్చి, అట్టి రోగులను ఉంచుకొని చికిత్సయు సంరక్షణయు చేయు సంస్థలు నమోదు కావలెనని శాసించినది. గురువుగారి కుమారులు టెలిఫోనులో ఆహారము, గది, సముద్రదర్శనము అన్నియు విచారించిరి. నమోదు ఉన్నదా, నిద్రమందు ఎవరి చీటీపై నిచ్చుచున్నారు, మంచమునకు కట్టుదురా అని యడుగలేదు. మేమును మొదట అడుగలేదు. ఈ ప్రశ్నలు మాకే కథయు నేర్పలేదు. కేరళములో 1992లోనే ఈ వ్యాధి కొరకు ఒక సంఘము పుట్టినది. అచ్చటివారు మనకంటె దయాళువులని మేమనుకొనము. వ్యాధిని వ్యాధియని ముందుగా పిలిచిరి, అంతే.

వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున 1881లో మొదటి వితంతువివాహము జరిపించి, పిమ్మట వితంతువుల కొరకు గృహము పెట్టినపుడు, ఆడుబిడ్డను ఇల్లు దాటించుట వంశమునకు మచ్చ యని కుటుంబములు వెలుపల నిలిచినవి. లోపల ఆ బిడ్డ యేమగుచున్నదని యడుగుట మచ్చ గాకపోయెను. ఆ వాదము తప్పని మనమెన్నడో ఒప్పుకొంటిమి. మా గురుపత్నికి మేము చేసిన యుపన్యాసము మాత్రము అక్షరాల అదే. ఇంటిలో ఉంచుకొనగలవారుంచుకొందురు గాక. రెండవ మనిషియు, పగటి సాయమును ఉన్నచోట ఇల్లే మేలు కావచ్చును. వంతుల కాపురము మాత్రము ఈ రోగికి కీడు. నెల కొక గది మారినచో నేర్చిన దారి కూడ మరచును.

గురుపత్ని ఇప్పుడు కఱ్ఱ పట్టుకొని నడువగలదు. ఆదివారములు ఆటోలో రుషికొండకు పోయి ఆయన ప్రక్కన కూర్చుండును. ఆయన ఆమెను, “అమ్మా, తమరెవరి తాలూకు?” అని మర్యాదగా నడుగును. ఆమె ప్రతిసారియు తన పుట్టింటి పేరు చెప్పును. ఆ యింటి పేరు వినగానే ఆయన సంతోషించి, ఆ గ్రామమున తనకు పెండ్లిమాటలు జరిగినవని చెప్పును.

ఇక పోటీకి వచ్చిన పదునొకండవ కథ. అది తొమ్మిదవ తరగతి బాలిక వ్రాసినది. అందులో ఆశ్రమమును, అమెరికాయును లేవు. నాయనమ్మ ప్రతి ఉదయము మనుమరాలిని నీవెవరవని యడుగును. మనుమరాలు మొదట ఏడ్చును, తరువాత విసుగుకొనును, తరువాత దినమున కొక పేరు చెప్పనారంభించును. నాయనమ్మకు లక్ష్మి యను పేరు నచ్చినది. అక్కడితో ఆగినది. దానికి మేము బహుమతి ఈయలేదు. కథకు ముగింపు లేదని అడుగున ఎర్రసిరాతో వ్రాసి తిరిగి యిచ్చితిమి. గత వారము ఆ బాలికను పిలిచి కాగితము తెమ్మంటిమి. పారవేసినానని చెప్పినది.