ఆ సత్యభామ మగవాడే

మగవాడు చీర కట్టి, సవరం పెట్టి, ముఖానికి అర్దళం పూసుకుంటే ఆడదానిలా కనిపిస్తాడు. అదేం గొప్ప? ఒక ఆడదానికీ ఇంకొక ఆడదానికీ తేడా చూపించాలి. ఆ విద్యలో రంగస్థల నటుడు స్థానం నరసింహారావు గారి తర్వాతే ఎవరైనా. ఆయన కట్టిన చింతామణి, మధురవాణి, దేవదేవి ముగ్గురూ వేశ్యలే. ఒకరి నవ్వు ఇంకొకరికి అంటనివ్వలేదాయన!

1902లో బాపట్లలో పుట్టారు. 1920లో చంద్రమతి వేషగాడు రాకపోతే ఆ వేషం ఈయన కట్టారట, అంతే, ఇక వెనక్కి చూడలేదు. 1956లో పద్మశ్రీ వచ్చింది. రంగూన్‌లో బంగారు కిరీటం పెట్టారని కూడా అంటారు.

ఆడవేషం గుట్టంతా మోచేతుల్లో ఉంది. మగవాడు నడిస్తే మోచేయి ఒంటికి ఎడంగా ఊగుతుంది. దాన్ని నడుముకు అంటించి, అడుగు కురచ చేసి, కుచ్చెళ్లు కాలికి తగిలీ తగలకుండా నడవాలి. అదీ రాత్రంతా, పద్యం పాడుతూ! శ్రీకృష్ణ తులాభారం నాటకంలో సత్యభామ వేషానికి స్థానం వారు తనే రాసి కలుపుకున్న పాట ఒకటుంది. తర్వాత సినిమాలో జమున అభినయానికి సుశీల పాడింది అదే. పల్లవి మాట మారదు, భావం మాత్రం తిరగేసినప్పుడల్లా మారుతుంది. ఒకసారి గర్వం, ఒకసారి గోము, ఒకసారి లోపల గుబులు. వన్స్‌మోర్ అనకుండా ఎవరుంటారు?

మా నటుడు బళ్లారి రాఘవ గారు మాత్రం మగవాడు ఆడవేషం కట్టడానికి ఒప్పుకోలేదు. ఆడవేషం ఆడవాళ్లే వెయ్యాలని పట్టుబట్టి, చదువుకున్న స్త్రీలను రంగస్థలానికి తెచ్చారు. న్యాయం ఆయన పక్షానే ఉంది, కాదనను. నా మనసు మాత్రం స్థానం వారి దగ్గరే ఆగిపోయింది.

లోకం తీరు చూడండి. స్థానం వారు వేషం తీస్తే పెద్దమనిషి, గృహస్థు. ఆయన ఇంటి సంగతి ఎవరికీ పట్టలేదు. అదే వేషం ఆడమనిషి కడితే, ఆమె ఎవరితో వచ్చింది, ఎక్కడ పడుకుంది అన్నదే ఊరంతటికీ కబురు. కన్నడ సీమలోని క్యాతగానచెర్లు వైపు పల్లెల సంగతే చూడండి. ఇళ్లల్లో తెలుగు, బడిలో కన్నడం. అక్కడ కురుక్షేత్రం నాటకం కట్టే భీముడు, దుర్యోధనుడు పగలు శనక్కాయ చేలో ఉండేవాళ్లే. ద్రౌపది మాత్రం బాడుగకు వస్తుంది. తెర వెనక గోనెపట్టా మీద బిడ్డను పడుకోబెట్టి, కొబ్బరినూనెతో రంగు తుడుచుకుని, తెల్లవారి మొదటి బస్సెక్కే మనిషి మీద ఏం కథలల్లుతారో! తళుకు మనకు కావాలి, బతుకు మాత్రం ఆమెకు ఉండకూడదా?

ఇంతకన్నా మండేది ఇంకొకటుంది. చింతామణి నాటకంలో కాళ్లకూరి నారాయణరావు గారు వేశ్యావ్యసనాన్ని చీల్చి చెండాడారు. చేతగాని బృందాలు అందులోని సుబ్బిశెట్టి పాత్ర నోట బూతులు పెంచి పెంచి చప్పట్లు ఏరుకున్నాయి. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. తప్పు చేసింది ఒకరు, శిక్ష పడింది కాళ్లకూరి వారికి. ఇప్పుడు పద్యం మధ్యలో సినిమా పాట, పాటకొక రికార్డింగ్ డాన్సు. దానికీ నాటకమనే పేరు!

జాతరల్లో నాటకాలు పెట్టించే పెద్దల్లారా, ఆ డాన్సు డబ్బుల్లో సగం హార్మోనియం మాస్టరుకివ్వండి, పిల్లలకు నాలుగు నెలలు పద్యం చెప్పనివ్వండి. వేషం కట్టను వచ్చే ఆవిడకు తలుపున్న గది చూపించండి. బాడుగ, బస్సు ఛార్జీ ఆట మొదలుకాక ముందే ఆమె చేతిలో పెట్టండి.