బోస్టన్ సర్పదేవత: దంతం వయసు, శిల్పం వయసు

బోస్టన్ లలితకళల మ్యూజియంలో సుమారు 16 సెంటీమీటర్ల ఎత్తున్న ఒక దంతపు బొమ్మ ఉంది. అంతస్తులుగా కుచ్చెళ్ళు తీర్చిన పావడా, అనాచ్ఛాదితమైన వక్షం, ముందుకు చాచిన చేతుల్లో చెరొక బంగారు పాము. 1914లో మ్యూజియానికి చేరింది మొదలు, ఇది క్రీట్ ద్వీపపు మినోవన్ నాగరికతకు ప్రతినిధిగా ఎన్నో పుస్తకాలకెక్కింది. క్నోసస్‌ను తవ్వించిన ఆర్థర్ ఇవాన్స్ కూడా తన బృహద్గ్రంథంలో దీనికి చోటిచ్చాడు.

అయితే ఇది ఎక్కడ, ఏ మట్టిపొరలో, ఏ వస్తువుల సరసన దొరికిందో చెప్పే తవ్వకపు నమోదు లేదు. రోగచరిత్ర లేకుండా వచ్చిన రోగిని చూసినప్పుడు వైద్యుడికి కలిగే ఇబ్బందే ఇక్కడ చరిత్రకారుడికీ కలగాలి. చాలాకాలం కలగలేదు!

కెనెత్ లాపాటిన్ 2002లో ప్రచురించిన 'మిస్టరీస్ ఆఫ్ ది స్నేక్ గాడెస్' ఈ లోటునే పట్టుకుంది. ఆ పుస్తకంలో నాకు అన్నిటికన్నా బలంగా తోచిన సాక్ష్యం లియొనార్డ్ వూలీ జ్ఞాపకం: ఇవాన్స్ దగ్గర పునరుద్ధరణ పని చేసిన ఇద్దరు క్రీట్ పనివాళ్ళే నకిలీలు తయారుచేసేవారని, వారిలో ఒకడు మరణశయ్యపై ఆ సంగతి బయటపెట్టాడని ఆయన రాశాడు. అంతమాత్రాన ఈ బొమ్మ వాళ్ళు చేసిందేనని తేలదు. కానీ అచ్చుగుద్దినట్టు చేయగల నేర్పు, 1903లో క్నోసస్‌లో సర్పదేవతలు బయటపడ్డాక పెరిగిన గిరాకీ, రెండూ ఒకేచోట ఉన్నాయన్నది మాత్రం స్పష్టం.

కార్బన్-14 పరీక్షతో తేల్చేయవచ్చు కదా అని మనవంటివారికి అనిపిస్తుంది. ఆ పరీక్ష చెప్పేది ఏనుగు బతికిన కాలాన్ని. ఉలి పడిన కాలాన్ని కాదు. దంతం ఇటీవలిదని తేలితే నకిలీ అని నిర్ధారణ అయినట్టే. పాతదని తేలితే మాత్రం ఏమీ తేలనట్టే, ఎందుకంటే పాత దంతాన్ని కొత్తగా చెక్కడానికి అడ్డేమీ లేదు.

మిగిలింది ముఖం. ఆ సుకుమారమైన ముఖంలో నాకు కనిపించేది కంచుయుగపు దేవత కాదు, 1900 నాటి యూరపు పత్రికల్లోని సుందరి. ఇవాన్స్ తవ్వకాల్లో దొరికిన రెండు ప్రసిద్ధ సర్పదేవతల్లో చిన్నదానికి అసలు తలే దొరకలేదు. ఇప్పుడున్నది పునరుద్ధరణలో చేసి అతికించినది. అంటే ఆనాటి పండితుల ఊహలో దేవత ముఖం ముందే సిద్ధంగా ఉంది. ఈ బొమ్మ ఆ ఊహకు సరిగ్గా అతికింది. అందుకే దీన్ని ఆధునిక శిల్పమనే నేను భావిస్తున్నాను. మ్యూజియం అంత దూరం పోలేదు. క్రీ.పూ. 16వ శతాబ్ది ప్రాంతం, లేదా 20వ శతాబ్ది ఆరంభం అని రెండు కాలాలనూ పక్కపక్కనే పేర్కొంటోంది.