ఎత్తును కొలిచి వడ్డించేవాడు

నేపాల్‌లో అన్నపూర్ణ పర్వతాలను చుట్టివచ్చే నడకదారిలో తప్పిపోవడం కష్టం. బండరాళ్ల మీద, గోడల మూలల మీద ఎరుపు, తెలుపు గీతలు గీసి ఉంటాయి. ఊరు దాటితే ఊరు, ప్రతి ఊళ్లోనూ లాడ్జీలు. చేతిలో ఫోను, ఫోనులో మ్యాపు. మరి గైడ్ ఎందుకు? విదేశీ ట్రెక్కర్ల వెంట లైసెన్సున్న గైడ్ ఉండి తీరాలని 2023 ఏప్రిల్ 1 నుంచి నేపాల్ నియమం పెట్టినప్పుడు కొండల్లో తిరగడం అలవాటున్నవాళ్లు చాలామంది ఈ ప్రశ్నే వేశారు. థొరాంగ్ లా కనుమ దాటించే మంచి గైడ్ పనితనాన్ని దగ్గర నుంచి చూస్తే జవాబు దొరుకుతుంది. అతని చేతిలో ఉన్న సరుకు ఎత్తు. దాన్ని ఏ రోజు, ఎవరికి, ఎంత పెట్టాలన్నదే అతని విద్య.

ఈ వృత్తి ఎప్పుడు మొదలైందో తెలుసు. గూర్ఖా సైనికులతో పనిచేసి రిటైరైన బ్రిటిష్ అధికారి జిమ్మీ రాబర్ట్స్ 1964లో కఠ్మాండూలో మౌంటెన్ ట్రావెల్ అనే సంస్థ పెట్టాడు. మరుసటి ఏడాది ముగ్గురు అమెరికన్ మహిళలను ఎవరెస్ట్ వైపు నడిపించాడు. శిఖరాలెక్కే దళాల పద్ధతినే ఆయన మామూలు నడకకూ తెచ్చాడు: అందరికీ పెద్దగా ఒక సర్దార్, అతని కింద వంటవాళ్లు, సహాయకులు, బరువులు మోసే పోర్టర్లు. ఈ దారిలో ఉన్న మనాంగ్ లోయలోకి విదేశీయులను రానిచ్చింది 1977లో. ఇప్పుడు ఊరూరా లాడ్జీలు వెలిసి గుడారాలు, వంటసామాను మోసుకెళ్లే పని పోయింది. సర్దార్ చేసిన లెక్కలు మాత్రం గైడ్ నెత్తిన అలాగే ఉన్నాయి.

ముందు ఎత్తు లెక్క చూడండి. నడక మొదలయ్యే బేసిసహర్ సముద్రమట్టానికి సుమారు 760 మీటర్ల ఎత్తులో ఉంది. కనుమ ఎత్తు 5,416 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదాంట్లో సగానికి కాస్త ఎక్కువ. ఊపిరి పీల్చినప్పుడల్లా అందే ప్రాణవాయువూ ఆ మేరకే. శరీరం దీనికి అలవాటు పడుతుంది గానీ తొందరపెడితే మొరాయిస్తుంది. అందుకని పర్వత వైద్యులు ఒక సూత్రం పెట్టారు. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరుసటి రాత్రికీ పడక ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఎత్తు పెంచకుండా ఒక రాత్రి ఆగాలి. పగలు ఎంత పైకి ఎక్కి దిగినా పెద్ద ఇబ్బంది లేదు, రాత్రి ఎక్కడ పడుకున్నారన్నదే లెక్క.

నడక దిశలోనే ఈ లెక్క ఉంది. మర్స్యాంగ్డి నది వెంట తూర్పు నుంచి ఎక్కితే చామే (2,700 మీటర్లు), పిసాంగ్ (3,300), మనాంగ్ (3,540), యాక్ ఖర్కా (4,050), థొరాంగ్ ఫేది (4,500) అంటూ మెట్టుమెట్టుకీ పడక దొరుకుతుంది. అటు పడమట ముక్తినాథ్ నుంచి ఎక్కాలంటే ఒకే రోజులో సుమారు 1,600 మీటర్లు ఎక్కాలి, నడుమ తలదాచుకునే చోట్లు చాలా తక్కువ. అందుకే దాదాపు అందరూ తూర్పు నుంచి ఎక్కి పడమటికి దిగుతారు. మ్యాపులో రెండు దిక్కులూ ఒకటే, ఊపిరితిత్తులకు మాత్రం కావు.

ఈ లెక్కలో నాకు అన్నిటికన్నా ముచ్చటగా తోచేది పిసాంగ్ నుంచి మనాంగ్ వరకు నడిపించే తీరు. ఇక్కడ రెండు దారులున్నాయి. కిందిది నది పక్కనే సాఫీగా సాగుతుంది, జీపులూ తిరుగుతాయి. తొందరగా చేరవచ్చు, కాళ్లకు సుఖం. పైదారిలో ఎగువ పిసాంగ్ దాటాక ఒక వంతెన, ఆ వెంటనే గ్యారూ ఊరిదాకా మెలికలు తిరిగే నిట్టనిలువు ఎక్కుడు. గ్యారూ 3,670 మీటర్ల మీద ఉంది. అక్కడినుంచి ఙావల్ వరకు దారి కొండ నడుమునే పట్టుకుని సాగుతుంది. అనుభవమున్న గైడ్ అందరూ గొణుగుతున్నా పైదారే పట్టిస్తాడు. గ్యారూ చేరేసరికి ఎదురుగా రెండో అన్నపూర్ణ శిఖరం నిలువెత్తున కనిపిస్తుంది. ఆ దృశ్యం చూపిద్దామనే తెచ్చాడని మనం అనుకుంటాం. అతని లెక్క వేరే. పగలు 3,700 మీటర్ల దాకా ఎక్కించి, గుండెకూ ఊపిరితిత్తులకూ ఆ గాలి రుచి చూపించి, 3,540 మీటర్లలో ఉన్న మనాంగ్‌కు దింపి పడుకోబెడతాడు. ఎత్తుకెక్కి కిందకొచ్చి పడుకోవడం అనే పాఠం ఏ ఉపన్యాసమూ లేకుండా ఒంటికి అబ్బుతుంది. వీలైతే ఙావల్‌లోనే ఒక రాత్రి ఆపేవాళ్లూ ఉన్నారు.

ఆ పైఊళ్లను కూడా తీరిగ్గా చూడనిస్తాడు. ఇవి కొండల చాటున వాన అంతగా పడని ప్రాంతాలు, అందుకే రాతి ఇళ్లకు మట్టి మిద్దెలు. ఒకే దుంగలో మెట్లు చెక్కిన నిచ్చెనలు మిద్దె నుంచి మిద్దెకు వాల్చి ఉంటాయి. మంత్రాలు చెక్కిన రాళ్ల గోడ ఎదురైతే దాన్ని కుడిచేతి వైపు ఉంచి సాగాలని ఒకసారి చెబుతాడు, ఆ తరువాత తను నడిచి చూపిస్తాడంతే. కంచరగాడిదల బారు వస్తే మాత్రం గొంతు పెంచుతాడు: కొండవైపుకు జరగండి, లోయవైపు నిలబడకండి. బరువు మూటలతో వచ్చే జంతువు మనిషిని చూసి పక్కకు తప్పుకోదు, లోయ అంచున నిలబడ్డవాణ్ని మూటతో తోసేస్తుంది.

మనాంగ్‌లో రెండు రాత్రులు. తొందరపడేవాళ్లకు వృథాగా తోచే రోజు ఇదే, నిజానికి అసలు పని జరిగే రోజూ ఇదే. పొద్దున గైడ్ అందరినీ ప్రాకెన్ గొంపా అనే బౌద్ధ మఠం వైపో, శక్తి ఉన్నవాళ్లను 4,600 మీటర్ల ఎత్తులోని ఐస్ లేక్ వైపో ఎక్కించి దించుతాడు. మధ్యాహ్నం హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ కేంద్రంలో డాక్టర్లు చెప్పే ఎత్తు జబ్బుల పాఠానికి తీసుకెళ్తాడు. 1973లో ఏర్పడిన ఈ సంస్థ 1980ల తొలినాళ్ల నుంచి సీజన్లలో మనాంగ్‌లో వైద్యులను ఉంచుతోంది. ఇదంతా తను చెప్పగలడు. అయినా డాక్టర్ నోటి నుంచి వినిపిస్తాడు. రేపు పైన ఎవరినైనా వెనక్కి పంపాల్సి వస్తే తన మాట చెల్లాలంటే ఈ రోజు ఆ పాఠం వాళ్ల చెవిన పడి ఉండాలి.

ఇక నడక. ముందు గైడ్, వెనక సహాయకుడు, నడుమ మిగతా అందరూ. అడుగు ఎంత నెమ్మది అంటే పాతికేళ్ల కుర్రవాళ్లకు చిరాకు పుడుతుంది. మాట్లాడుతూ నడవగలిగితే అది సరైన వేగం, వాక్యం మధ్యలో ఊపిరి అందకపోతే ఎక్కువైనట్టు. ‘బిస్తారై, బిస్తారై’ (నెమ్మదిగా, నెమ్మదిగా) అని అతను వెనక్కి తిరగకుండానే అంటూ ఉంటాడు. వెనక ఎవరు ఆయాసపడుతున్నారో చెవులతోనే కనిపెడతాడు. యాక్ ఖర్కా దాటాక కొండచరియలు దొర్లే చోట్ల మాత్రం లెక్క మారుతుంది. అక్కడ ఆగడం లేదు, ఫొటోలు లేవు. ఒక్కొక్కరినీ ఎడంగా, కళ్లు పైకెత్తి, చకచకా దాటిస్తాడు.

అతని నేర్పు బాగా కనిపించేది సాయంత్రం లాడ్జి భోజనశాలలో. నడుమ ఇనుప పొయ్యి, చుట్టూ ఆరేసిన సాక్సులు, గోడ వెంబడి బల్లలు. గైడ్ అందరి ఆర్డర్లూ తనే రాసుకుని వంటింటికి పట్టుకెళ్తాడు. నలుగురు నాలుగు రకాలు కోరితే ఒక రకానికి ఒప్పిస్తాడు. ఇంధనం దొరకని చోట లాడ్జి నడిపే దీదీకి అది ఎంత మేలో అతనికి తెలుసు. మర్నాటి టిఫిన్ కూడా రాత్రే చెప్పి పెడతాడు. అందరికీ వడ్డన అయ్యాక మొదలవుతుంది అతని చూపు. పెళ్లి పంక్తిలో చెయ్యి తిరిగిన వడ్డనవాడు మనిషి మొహం చూడడు, విస్తరి చూస్తాడు. ఇతనూ అంతే. దాల్ భాత్ మారు వడ్డించుకున్నవాడి గురించి బెంగ లేదు. నిన్న రెండుసార్లు తిన్నవాడు ఇవాళ అన్నం కెలుకుతూ కూర్చుంటే అక్కడికెళ్లి పక్కన కూర్చుంటాడు. ఎత్తు జబ్బు తొలి లక్షణాల్లో ఆకలి పోవడం ఒకటి. తలనొప్పిని చాలామంది దాస్తారు, కంచాన్ని దాచలేరు.

ఆ తరువాత రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో చూపే ఆక్సీమీటర్ వేలికి తగిలిస్తాడు. తెలిసినవాడైతే ముందు ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని వెచ్చబరుస్తాడు, ఎందుకంటే చల్లటి వేలు అంకెను తప్పుగా చూపిస్తుంది. అంకె వచ్చాక కూడా దాన్నే నమ్మడు. నిన్నటి అంకెతో పోలుస్తాడు, మనిషి కళ్లలోకి చూస్తాడు. అనుమానం వస్తే లేచి నడవమంటాడు. లాడ్జి చెక్క నేల మీద రెండు పలకలు కలిసే గీత వెంబడి, ఒక పాదం మడమ రెండో పాదం వేళ్లకు ఆనేలా, పది అడుగులు. తూలితే మెదడులో నీరు చేరుతోందన్న అనుమానానికి అది చాలు. అప్పుడిక మందు ఇస్తూనే, ఆక్సిజన్ పెడుతూనే, అర్ధరాత్రయినా సరే కిందికి దించే ఏర్పాటు చేస్తాడు. ఎత్తు జబ్బు ముదిరితే దిగడాన్ని మించిన వైద్యం లేదు.

ఈ చూపు డబ్బు కట్టినవాళ్ల దగ్గరే ఆగిపోతే ఆ పనితనం సగమే. 1997లో ఇదే మనాంగ్ ప్రాంతంలో ఎత్తు జబ్బు చేసిన ఒక యువ పోర్టర్‌కు లెక్క కట్టి ఇచ్చేసి ఒంటరిగా కిందికి పంపించారు. అతను చనిపోయాడు. ఆ ఘటన తరువాతే పోర్టర్ల రక్షణకు ఇంటర్నేషనల్ పోర్టర్ ప్రొటెక్షన్ గ్రూప్ పుట్టింది. పోర్టర్లలో చాలామంది పల్లపు జిల్లాల రైతు కుర్రాళ్లు, ఎత్తు వాళ్లకూ కొత్తే. మంచి గైడ్ పొద్దున మూటలు కట్టేటప్పుడు ఒక్కోటి చేత్తో ఎత్తి బరువు చూస్తాడు. నామ్లో అనే నుదుటి పట్టీ ఎలా కూర్చుందో, కాళ్లకు బూట్లున్నాయో లేదో, చలికోటు ఉందో లేదో చూస్తాడు. అతిథులు తిన్నాక పోర్టర్లు తినేదాకా భోజనశాల వదిలిపోడు. వేలికి ఆక్సీమీటర్ వాళ్లకూ పెడతాడు.

కనుమ దాటే రోజు థొరాంగ్ ఫేదిలో తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకే లేపుతాడు. పొద్దెక్కే కొద్దీ ఆ కనుమలో గాలి చెలరేగుతుంది, తొమ్మిది పది గంటల లోపే దాటేయాలి. ముందురాత్రే చిన్న చిన్న జాగ్రత్తలు చెప్పి ఉంటాడు. ఫోను బ్యాటరీలు దుప్పట్లో ఒంటికి ఆనించి ఉంచండి. నీళ్ల సీసా సంచిలో తలకిందులుగా పెట్టండి: నీరు పైనుంచి గడ్డకడుతుంది కాబట్టి మూత వైపు నీళ్లు చాలాసేపు తాగేలా ఉంటాయి. హెడ్‌ల్యాంపుల వెలుగులో బారు కదులుతుంది. సుమారు 900 మీటర్లు ఎక్కి, జెండాల తోరణాల మధ్య కాసేపు నిలబడి, ఫొటో దిగగానే మళ్లీ తొందర పెడతాడు. అలసినవాళ్లు పడిపోయేది దిగేటప్పుడేనని అతనికి తెలుసు.

ఈ విద్యలో అన్నిటికన్నా కష్టమైంది వద్దని చెప్పడం. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని ఊడ్చేసిన హుద్‌హుద్ తుఫాను మనకు గుర్తే. చెట్లు, కరెంటు స్తంభాలు కూల్చి, మన దగ్గర బలం తగ్గిన ఆ వాయుగుండమే ఉత్తరానికి సాగి, రెండు రోజులకు వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న థొరాంగ్ లా మీద మంచు తుఫానై విరుచుకుపడింది. ట్రెక్కర్లు, గైడ్లు, పోర్టర్లు, పశువుల కాపర్లు కలిపి ఆ ప్రాంతంలో 40 మందికి పైగా చనిపోయారు. అక్టోబరు అంటే ఆకాశం తేటగా ఉండే నెలని అందరి నమ్మకం. ఎన్నో రోజులు నడిచి వచ్చి, విమానం టికెట్లు కొనుక్కుని, కనుమ కింద నిలబడ్డవాళ్లకు ‘ఇవాళ కదలం’ అని చెప్పడానికి నోరు రావాలి. ఆ మాట చెప్పాలంటే ప్రయాణం పట్టికలో ఒకటో రెండో రోజులు మిగులు ఉండాలి. మిగులు లేని పట్టికతో ఎంతటి గైడ్ చేతులైనా కట్టేసినట్టే. మనాంగ్ దాకా జీపులో తీసుకెళ్లి రోజులు కుదించి అమ్మే ట్రెక్‌లలో ధర చవకే, కానీ పోయేది ఈ మిగులు రోజులే.

కనుమ దిగితే ముక్తినాథ్. నూట ఎనిమిది ధారలు, వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ఒకటి, కింద సాలగ్రామాల కాళీ గండకి. అక్కడ తెలుగు మాట వినిపించడం వింతేమీ కాదు. అయితే వాళ్లలో చాలామంది 820 మీటర్ల పోఖరాలో పొద్దున విమానమెక్కి, జోమ్‌సోమ్‌లో దిగి, జీపులో 3,700 మీటర్ల పైకి ఒకే పూటలో వచ్చినవాళ్లు. ఎందరో పెద్దవయసువాళ్లు. ఎత్తును కొలిచి పెట్టే మనిషి వాళ్లకెవరూ ఉండరు.

కాబట్టి ట్రెక్కయినా యాత్రయినా డబ్బు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటాం? పట్టికలో మిగులు రోజులెన్ని? పోర్టర్‌కు బీమా ఉందా? సూటిగా జవాబు చెప్పినవాడికే డబ్బు కట్టండి. ముక్తినాథుడి దర్శనానికి ఇంట్లో పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే డాక్టరుకు చూపించుకుని, జోమ్‌సోమ్‌లోనో దాని దగ్గరి మార్ఫాలోనో ఒక రాత్రి ఆగి వెళ్లండి.