మరల వాడదగు బొగ్గు: ఒక విమర్శ

నీటిలోని భారలోహములను బొగ్గుతో తొలగించుటను గురించి ఇటీవల శాస్త్ర పత్రికలలో వ్యాసములు విరివిగా వెలువడుచున్నవి. కొబ్బరి చిప్ప, వరి ఊక, వేరుసెనగ పొట్టు మున్నగువాటితో చేసిన బొగ్గు సీసము, కాడ్మియము వంటి లోహములను పట్టియుంచుననియు, దానిని కడిగి మరల మరల వాడుకొనవచ్చుననియు వాటి సారాంశము. ఇందులో సత్యము గలదు. కాని ఈ ఫలితములను మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల నీటికి అన్వయింపబోవునపుడు కొన్ని ప్రశ్నలు వేయక తప్పదు.

ముందుగా సూత్రమును గమనింతము. ఉత్తేజిత బొగ్గులో కంటికి కానరాని రంధ్రములు అసంఖ్యాకముగా నుండుటచే ఒక్క గ్రాము బొగ్గునకు వందల చదరపు మీటర్ల ఉపరితలము ఏర్పడును. ఆ తలముపైనున్న ఆమ్లజని సమూహములలో కొన్ని నీటిలో ఋణావేశమును పొందును. సీసపు అయానులు ధనావేశము గలవి గనుక అచట అంటుకొనును. దీనినే అధిశోషణము అందురు. పలుచని ఆమ్లముతో కడిగినచో ఉదజని అయానులు ఆ స్థానములను ఆక్రమించి లోహమును విడిపించును. బొగ్గు మరల పనికివచ్చును.

అయితే పశ్చిమ ప్రకాశపు బావులలో ప్రజలను చిరకాలముగా పీడించుచున్నది ఫ్లోరైడు. ఫ్లోరోసిస్ వ్యాధిని మన దేశమున షార్టు మున్నగు వైద్యులు 1937 లో తొలుత వర్ణించినది ఈ ప్రాంతమునకు చేరువనే, నాటి నెల్లూరు జిల్లాలో. ఫ్లోరైడు ఋణావేశము గల అయాను. లోహమును ఆకర్షించు స్థానమే దీనిని వికర్షించును. బొగ్గు ఫ్లోరైడును బాగుగా తొలగించునది నీటి పిహెచ్ 3 కు దిగినపుడేయని మెకీ, జాన్‌స్టన్ అనువారు 1934 లోనే చూపిరి. అంత పుల్లని నీరు త్రాగుటకు పనికిరాదు. కావున లోహముల వ్యాసము చదివి, మామూలు బొగ్గు ఫిల్టరుతో ఫ్లోరైడు పోవునని నమ్ముట ప్రమాదము.

దీనికి ఉపాయము లేకపోలేదు. వరి ఊక బొగ్గును పటిక నీటిలో నానవేసి వాడు పద్ధతిని 1951 లో మన దేశమునందే పరీక్షించిరి. పటికలోని అల్యూమినియము ఫ్లోరైడును పట్టుకొనును. కిలో బొగ్గు సుమారు 320 మిల్లీగ్రాముల ఫ్లోరైడును తొలగించెను. పిమ్మట నూటికి రెండు పాళ్ళ పటిక ద్రావణములో నానవేసిన మరల పనిచేసెను.

విద్యార్థులు ఇక్కడ చిన్న లెక్క వేయవచ్చును. లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడు గల నీటిని 1 మిల్లీగ్రామునకు దింపవలెననుకొందము. లీటరుకు 3 చొప్పున కిలో బొగ్గు సుమారు 107 లీటర్లను శుద్ధిచేయును. త్రాగుటకు, వంటకు దినమునకు 20 లీటర్లు వాడు కుటుంబమునకు అది ఐదు దినములు మాత్రమే వచ్చును. అటుపై బొగ్గును నానవేయవలెను. ఏమరినచో నీరు తేటగనే వచ్చును, ఫ్లోరైడు మాత్రము పోదు. దానికి రంగు, వాసన లేవు గనుక ఎవరికిని తెలియదు.

"మరల వాడదగినది" అను మాటకు పూర్తి అర్థమిది. పెక్కు వ్యాసములు దీనిని చెప్పవు. స్వేదన జలములో లోహమునో, ఫ్లోరైడునో కలిపి పరీక్షించి, గ్రామునకు ఇన్ని మిల్లీగ్రాములని ప్రకటించును. బావినీటిలోని బైకార్బొనేటు వంటి లవణములు అదే స్థానముల కొరకు పోటీపడును. కడిగిన నీటిలో చేరిన విషము నెక్కడ పోయవలెనో కూడ చెప్పవలెను. బావి ప్రక్కనే పారబోసినచో తీసినది తిరిగి నేలకే చేరును.

కనుక ఉపాధ్యాయులు ఇట్టి వ్యాసమును తరగతిలో చదివించునపుడు నాలుగు ప్రశ్నలు వేయింపవలెను. పరీక్షించినది ఏ నీరు? ఎన్ని పర్యాయములు కడిగిన పిమ్మట ఎంత శక్తి మిగిలెను? కడిగిన నీరు ఏమాయెను? ఊరిలో ఆ పని ఎవరు చేయుదురు? మచ్చలు పడిన పంటిని, బిగిసిన వెన్నెముకను తిరిగి మామూలు చేయు మందు లేదు. కాబట్టి ఈ ప్రశ్నలకు జవాబు చెప్పని బొగ్గు ఎంత మంచిదైనను ప్రయోగశాల దాటినట్లు కాదు.