వేషం, గొడుగు, లెక్క: జార్జ్ కాట్లిన్ ‘వీ-జున్-జాన్’ చిత్రపటం - విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సారాంశం

19వ శతాబ్దపు అమెరికా పశ్చిమ ప్రాంతపు ఆదివాసులను తైలవర్ణ చిత్రాలలో నమోదు చేసినవారిలో జార్జ్ కాట్లిన్ ప్రముఖుడు. అసినిబోయిన్ జాతికి చెందిన వీ-జున్-జాన్ వాషింగ్టన్ నగరానికి వెళ్ళకముందు ఎలా ఉన్నాడో, తిరిగి వచ్చేటప్పుడు ఎలా ఉన్నాడో ఒకే పటంపై పక్కపక్కన చూపిన చిత్రం అతని రచనలలో విశేష ప్రచారం పొందింది. ‘నాగరికత’ చేసిన చెరుపుకు ఈ చిత్రం నిదర్శనమని సాధారణంగా వ్యాఖ్యానిస్తారు. అదే వ్యక్తిని గురించి కాట్లిన్ తన గ్రంథంలో రాసిన కథనాన్ని చిత్రంతో పోల్చి చూసినప్పుడు, చిత్రం దేనిని చూపింది, దేనిని చూపకుండా వదిలింది అన్న విషయం స్పష్టమవుతుంది. ఆ అంతరాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: జార్జ్ కాట్లిన్, వీ-జున్-జాన్, అసినిబోయిన్, తైలవర్ణ చిత్రం, వేషం, ప్రాతినిధ్యం.

1. ఉపోద్ఘాతం

ఒక మనిషి రూపాన్ని పటంపై నిలపడం రూపచిత్రం చేసే మొదటి పని. ఆ మనిషిని ఎలా చూడాలో చూపరికి నేర్పడం రెండవ పని. మొదటిదానికి నైపుణ్యం చాలు. రెండవదానిలో చిత్రకారుని కాలం, నమ్మకాలు, అతడు ఆశించిన ప్రేక్షకులు అందరూ పాలుపంచుకుంటారు. ఆదివాసులను బయటివారు చిత్రించిన సందర్భాలలో ఈ రెండవ పనిని విడిగా పరిశీలించడం అవసరం. చిత్రితుడు తన మాట తాను చెప్పుకున్న దాఖలాలు అక్కడ అరుదు కాబట్టి చిత్రకారుని చూపే చరిత్రగా చలామణీ అయ్యే ప్రమాదం ఉంది. వీ-జున్-జాన్ చిత్రం విషయంలో మాత్రం పరిశోధకునికి ఒక అనుకూలత లభిస్తుంది. కుంచె పట్టిన చేయే కలం కూడా పట్టింది. ఆ రెండూ ఒకే మాట చెప్పలేదు.

2. చిత్రకారుడు - ‘ఇండియన్ గ్యాలరీ’

కాట్లిన్ 1796లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని విల్క్స్-బారెలో జన్మించాడు. న్యాయశాస్త్రం చదివి కొంతకాలం వకీలుగా పనిచేశాడు. 1820ల తొలినాళ్ళలో ఆ వృత్తిని వదిలి ఫిలడెల్ఫియాలో చిత్రకారుడిగా స్థిరపడ్డాడు. ఆ నగరానికి వచ్చిన ఒక ఆదివాసీ ప్రతినిధి బృందాన్ని చూసిన తర్వాత వారి రూపాలను, ఆచారాలను చిత్రించడమే తన జీవితకార్యంగా ఎంచుకున్నాడు. 1830లో సెయింట్ లూయీ చేరుకున్నాడు. అదే సంవత్సరం ఆండ్రూ జాక్సన్ ప్రభుత్వం ఆదివాసులను మిసిసిపీ నదికి పశ్చిమంగా తరలించే చట్టాన్ని తెచ్చింది. తరలింపు, చిత్రణ ఒకే కాలంలో సాగాయన్న సంగతి కాట్లిన్ అధ్యయనంలో మరువరానిది.

1830-36 మధ్య జరిపిన ప్రయాణాల ఫలితంగా ‘ఇండియన్ గ్యాలరీ’ రూపొందింది. దానిని 1837లో న్యూయార్క్‌లోనూ, 1840లో లండన్‌లోనూ, 1845లో పారిస్‌లోనూ ప్రదర్శించాడు. ఫ్రెంచి కవి బోదిలేర్ తన 1846 నాటి కళాసమీక్షలో ఈ చిత్రాలను మెచ్చుకున్నాడు. సేకరణను కొనుగోలు చేయమని కాట్లిన్ అమెరికా ప్రభుత్వాన్ని పలుమార్లు కోరినా ఫలితం దక్కలేదు. 1852లో అప్పులపాలైనప్పుడు జోసెఫ్ హారిసన్ అనే పారిశ్రామికుడు ఆ సేకరణను స్వాధీనం చేసుకున్నాడు. కాట్లిన్ 1872లో మరణించాడు. 1879లో హారిసన్ భార్య చిత్రాలను స్మిత్సోనియన్ సంస్థకు అప్పగించింది.

ఆదివాసీ జాతులు త్వరలోనే అంతరించిపోతాయనీ, వాటి జ్ఞాపకాన్ని భద్రపరచడం తన కర్తవ్యమనీ కాట్లిన్ విశ్వసించాడు. ఈ విశ్వాసంలో సానుభూతి ఉంది. అంతరించడాన్ని ఆపలేని విధిగా అంగీకరించడం కూడా ఉంది. వీ-జున్-జాన్ చిత్రంలో ఈ రెండూ కలిసే కనిపిస్తాయి.

3. చిత్ర నిర్మాణం

1837-39 మధ్య చిత్రించిన ఈ పటం ఎత్తు 29 అంగుళాలు, వెడల్పు 24 అంగుళాలు. ఎడమభాగంలో వీ-జున్-జాన్ ఈకల శిరోభూషణంతో, అలంకరించిన తోలు వస్త్రాలతో, చేతిలో పొడవాటి పైపుతో గంభీరంగా నిలబడి ఉంటాడు. దూరంగా వాషింగ్టన్‌లోని కాపిటల్ భవనం కనిపిస్తుంది. కుడిభాగంలో అతడే సైనికాధికారి కోటు, ఎత్తైన టోపీ, మడమల బూట్లు ధరించి ఉంటాడు. చేతులలో గొడుగు, విసనకర్ర ఉంటాయి. జేబులోంచి విస్కీ సీసా తొంగిచూస్తుంది. నేపథ్యంలో అతని స్వజనుల తోలు గుడారాలు ఉంటాయి.

ఈ అమరికలో ఒక తారుమారు ఉంది. తన జాతి దుస్తులలో ఉన్నప్పుడు వెనుక తెల్లవారి రాజధాని ఉంది. తెల్లవారి దుస్తులలో ఉన్నప్పుడు వెనుక తన జాతి నివాసాలు ఉన్నాయి. వెళ్ళడం, తిరిగి రావడం అనే రెండు ప్రయాణాలకు ఇవి గమ్యసూచికలు. అయితే రెండు సందర్భాలలోనూ మనిషికీ నేపథ్యానికీ పొంతన కుదరదు. ఎడమవైపు ఆ పొంతన లేకపోవడం గౌరవాన్ని పెంచితే, కుడివైపు అదే నవ్వు పుట్టిస్తుంది.

చిత్రరచనా కాలం కూడా గమనించదగినది. 1831లో ప్రతినిధి బృందంతో వాషింగ్టన్ వెళుతూ సెయింట్ లూయీలో ఆగినప్పుడు కాట్లిన్ అతని రూపచిత్రాన్ని గీశాడు. 1832లో ‘యెల్లోస్టోన్’ అనే ఆవిరి పడవలో మిస్సోరీ నదిపై ఎగువకు తిరిగి వెళ్ళినప్పుడు కాట్లిన్ కూడా ఆ పడవలోనే ఉన్నాడు. జంట చిత్రం వెలువడింది మాత్రం ఆ తర్వాత ఐదేళ్ళకు పైబడి, ప్రదర్శనశాలలు తెరుచుకున్న కాలంలో. రెండు రూపాలనూ ఎదురెదురుగా నిలపడం చిత్రకారుడు తర్వాత చేసిన కూర్పు. అది నగర ప్రేక్షకులకు చెప్పదలచిన నీతికి అనుగుణంగా ఉంది.

4. గొడుగు మీది నవ్వు

ఈ చిత్రాన్ని చూసిన తెలుగు పాఠకునికి ఒక సామెత వెంటనే స్ఫురిస్తుంది: అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. ఏ ఎండకా గొడుగు పట్టడం అన్న జాతీయం కూడా దగ్గరలోనే ఉంది. గొడుగును హోదాకు, ఆ హోదా తగనివాని ఆడంబరానికి గుర్తుగా వాడుకున్న సంస్కృతిలో కుడిభాగపు హాస్యం శ్రమలేకుండా అందుతుంది. ‘వేషం’ అన్న మాటకు దుస్తులు, నటన అనే రెండర్థాలూ ఉండడం ఆ హాస్యాన్ని మరింత సులభం చేస్తుంది. కోటు వేసుకున్నవాడు వేషం వేసినవాడవుతాడు.

సులభంగా అందే ఈ నవ్వునే విమర్శ అనుమానించవలసి ఉంది. ఆ సామెతలో ‘అల్పుడు’ అన్న తీర్పు ముందే జరిగిపోయింది. గొడుగు ఆ తీర్పుకు సాక్ష్యం మాత్రమే. వీ-జున్-జాన్ అల్పుడు కాడు. అతడు తన జాతి తరఫున అధ్యక్షుని కలవడానికి వెళ్ళిన యోధుడు. ఆ సైనిక దుస్తులు అధ్యక్షుడు బహూకరించినవి కావచ్చునని కాట్లినే రాశాడు. ఆదివాసీ నాయకులకు పతకాలు, సైనిక దుస్తులు ఇవ్వడం ఆనాటి ప్రభుత్వ దౌత్యంలో ఆనవాయితీ. రాజ్యం సత్కారంగా ఇచ్చిన వస్త్రాన్ని అదే సమాజపు ప్రదర్శనశాల పరిహాస వస్తువుగా మార్చింది. నవ్వు మాత్రం ఇచ్చినవారిని వదిలి తీసుకున్నవానిపైకి మళ్ళింది.

5. చిత్రంలో లేని లెక్క

1841లో ప్రచురించిన గ్రంథంలో కాట్లిన్ చెప్పిన కథనం ఇంకొక మనిషిని పరిచయం చేస్తుంది. మిస్సోరీపై దిగువకు ప్రయాణిస్తూ వీ-జున్-జాన్, అతని తోటి యోధుడు దారిలో కనిపించిన తెల్లవారి ఇళ్ళను లెక్కించడం మొదలుపెట్టారు. ఒక్కో ఇంటికి పైపు కాడపై ఒక్కో గాటు పెట్టారు. కాడ నిండిపోయింది. యుద్ధగద పిడిపై పెట్టారు. అదీ నిండింది. కర్రలు కోసుకుని కొనసాగించారు. సెయింట్ లూయీ చేరేసరికి లెక్క చేయిదాటిపోయి, కర్రల కట్టను నదిలో పారవేశారు.

తిరిగి వచ్చాక అతడు తాను చూసినవన్నీ తన వారికి వివరించాడు. నగరాలను, జనసంఖ్యను గురించి చెప్పిన సంగతులు వారికి నమ్మశక్యంగా తోచలేదు. అతనికి అబద్ధాలకోరన్న పేరు పడింది. కోటు కింది అంచులు భార్య కాలితొడుగులయ్యాయి. టోపీకున్న వెండి జలతారు కూడా ఆమె అలంకరణకే పోయింది. చివరికి గొడుగు ఒక్కటే మిగిలింది. ఇన్ని అబద్ధాలు చెప్పగలిగినవానికి మంత్రశక్తి ఉండి ఉంటుందన్న భయంతో అతనిని చంపివేశారని కాట్లిన్ రాశాడు.

ఈ కథనంలో అతని పతనానికి కారణం దుస్తులు కావు, నిజం చెప్పడం. రచయితగా కాట్లిన్ ఆ సంగతిని గుర్తించాడు. చిత్రకారుడిగా దానికి చోటివ్వలేదు. మాటను చిత్రించడం కష్టమన్న సమాధానం ఇక్కడ పూర్తిగా చెల్లదు. గాట్లు పెట్టిన కర్ర చిత్రించదగిన వస్తువే. పైపు ఎడమభాగంలో ఉన్నది కూడా. చిత్రంలో అది జాతి వైభవానికి అలంకారం. కథనంలో పైపు కాడ అతని లెక్కల పుస్తకం. జాతులను చూసి నమోదు చేయడానికి కాట్లిన్ నదికి ఎగువగా వెళ్ళాడు. తెల్లవారిని చూసి నమోదు చేయడానికి వీ-జున్-జాన్ దిగువగా వెళ్ళాడు. ఒకరి నమోదు మ్యూజియం చేరింది, మరొకరిది నదిలో కలిసింది. చిత్రంలో కనిపించకుండా పోయింది ఈ సమానత్వమే.

6. సీసా ఎవరిది?

జేబులోని విస్కీ సీసా చిత్రంలో వ్యక్తిగత దౌర్బల్యానికి గుర్తు. చరిత్రలో దాని దారి వేరు. ఎగువ మిస్సోరీ ప్రాంతంలో సారాయి బొచ్చు వ్యాపారంలో భాగం. ఆదివాసీ భూములలోకి మద్యాన్ని తీసుకుపోవడాన్ని అమెరికా కాంగ్రెస్ 1832 జులైలో నిషేధించినప్పుడు, అమెరికన్ ఫర్ కంపెనీవారి ఫోర్ట్ యూనియన్‌లో మరుసటి ఏడాదే సారా బట్టీ పెట్టారు. వీ-జున్-జాన్‌ను, కాట్లిన్‌ను మోసుకుపోయిన ఆవిరి పడవ కూడా ఆ కంపెనీదే. 1837లో అదే నదిమార్గంలో పడవ ద్వారా వ్యాపించిన మశూచి మండన్ జాతిని దాదాపు తుడిచిపెట్టింది. అసినిబోయిన్ జాతిలోనూ ఎందరినో బలిగొన్నది. జంట చిత్రం రూపుదిద్దుకున్నది ఆ విపత్తు సంవత్సరాలలోనే. పటంపై కంపెనీ లేదు, పడవ లేదు, వ్యాధి లేదు. వాటన్నిటి భారాన్నీ ఒక మనిషి జేబు, ఒక మనిషి నడక మోయవలసివచ్చింది.

7. మూడవ అవకాశం

చిత్రం రెండే స్థితులను అంగీకరిస్తుంది: కలుషితం కాని ఆదివాసి, చెడిపోయిన ఆదివాసి. రెండు లోకాలను చూసి, రెండింటినీ తూచగల మనిషికి అందులో స్థానం లేదు. 20వ శతాబ్దిలో ఆదివాసీ చిత్రకారులే ఆ స్థానాన్ని కల్పించుకున్నారు. కాడో-కయోవా మూలాలున్న టి. సి. క్యానన్ (1946-1978) ‘కలెక్టర్ నం. 5’ అనే చిత్రంలో సంప్రదాయ దుస్తులు ధరించిన ఒక ఓసేజ్ పురుషుడిని పేము కుర్చీలో కూర్చోబెట్టాడు. వెనుక గోడపై వాన్ గో చిత్రం వేలాడుతుంది. ఇక్కడ సేకరించేవాడు ఆదివాసి, సేకరణకు లోనైంది ఐరోపా కళ. చూసేవారు, చూడబడేవారు స్థానాలు మార్చుకున్నారు. కాట్లిన్ పటం అనుమతించని కలయిక ఇక్కడ పతనంగా కాక, ఒక మనిషి నిబ్బరంగా కనిపిస్తుంది.

8. ముగింపు

కాట్లిన్ సేకరణ విలువను ఈ పరిశీలన తగ్గించదు. అతని చిత్రాలు, రచనలు లేకపోతే వీ-జున్-జాన్ పేరే ఇంత ప్రచారంలో ఉండేది కాదు. కానీ సానుభూతి ఉన్నంత మాత్రాన చూపు న్యాయమైనది కానవసరం లేదని ఈ చిత్రం తెలుపుతుంది. చిత్రాన్ని ఒంటరిగా చూస్తే వేషం మార్చి చెడిన మనిషి కనబడతాడు. కథనంతో కలిపి చదివితే చూసినదాన్ని లెక్కించి, ఉన్నదున్నట్లు చెప్పి, ప్రాణం పోగొట్టుకున్న సాక్షి కనబడతాడు.

గిరిజన జీవితాన్ని గిరిజనేతరులు చిత్రించిన తెలుగు కథలు, నవలలు, ఛాయాచిత్రాలను పరిశీలించే పరిశోధకులకు ఈ పద్ధతి ఉపకరిస్తుంది. పాత్ర ఏం తొడుక్కున్నదన్న వర్ణన దగ్గరే ఆగకుండా, ఆ పాత్ర ఏం చూసింది, ఏం లెక్కించింది, దాని మాటను రచన ఎక్కడ ఆపివేసింది అని ప్రశ్నించడం ప్రాతినిధ్య విమర్శకు తొలిమెట్టు.