ఉసిరి నీడలో షిఫ్టు

దీపావళి వెళ్లిన మర్నాటి నుంచే బెంగళూరు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తోటల వేట మొదలవుతుంది. కార్తీక వనభోజనాలకు ఒకప్పుడు ఉసిరి చెట్టుందా, బావి ఉందా, వంట గిన్నెలు ఇస్తారా అని ఆరా తీసేవాళ్లు. ఇప్పుడు ఆ మూడూ తర్వాత. ఎయిర్‌టెల్ ఎన్ని గీతలు వస్తుంది, ఫైబర్ లైను ఉందా, కరెంటు పోతే ఇన్వర్టర్ ఎంతసేపు లాగుతుంది అన్నవి ముందు తేలాలి. తోటల యజమానులు కూడా రాటుదేలారు. చెట్టు ఫొటో కంటే ముందు స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్ పంపుతున్నారు. ఆదివారం పులిహోర తిని, అంత్యాక్షరి ఆడి, చీకటి పడేలోగా మారతహళ్లి చేరుకునే వనభోజనం ఒకటి ఇంకా ఉంది. నేను చెబుతున్నది రెండో రకం. ఆఫీసు పనిని వెంటబెట్టుకుని ఓ నాలుగైదు కుటుంబాలో, ఓ డజను మంది స్నేహితులో వారం పాటు తోటలో దిగడం.

మేం కొన్నేళ్లుగా వెళ్లేది చింతామణి వైపు. కె.ఆర్.పురం వంతెన గండం గడిచి, హొస్కోటె దాటి, హెచ్ క్రాస్ మీదుగా పోవాలి. అందంలో సక్లేశపుర, చిక్కమగళూరు, కొడగు దీన్ని ఎప్పుడో మించిపోయాయి. కాఫీ తోటలో మంచు, పక్కన ల్యాప్‌టాప్, ఆ ఫొటోకి వచ్చే లైకులు మా తోటకి రావు. కానీ మలెనాడులో వాన పట్టుకుందంటే తీగ ఎక్కడ తెగిందో లైన్‌మన్‌కే అంతు చిక్కదు. కొండ దారిలో చరియ విరిగిపడితే సోమవారం ఆఫీసుకి చేరడం దేవుడి దయ. పనితో బయల్దేరేవాడికి మైదానమే మేలని నా గట్టి అభిప్రాయం. పైగా చింతామణి, బాగేపల్లి, శ్రీనివాసపుర పేరుకి కర్ణాటకే గానీ పొలం గట్ల మీద వినిపించేది తెలుగే. కైవార తాతయ్య కన్నడంలోనూ తెలుగులోనూ పాడుకున్న నేల అది. తోట ఆవిడను మేం "అక్కా" అంటాం, ఆవిడ "ఏమప్పా" అని పలుకుతుంది.

పనిని మూట కట్టుకుని ఊరు దాటడం సాఫ్ట్‌వేర్ వాళ్లు కనిపెట్టిందేమీ కాదు. మద్రాసు ప్రభుత్వం వేసవి వస్తే ఫైళ్లతో, గుమాస్తాలతో సహా ఊటీకి తరలిపోయేది. సిమ్లా 1864 నుంచి ఏకంగా దేశానికే వేసవి రాజధాని. కలెక్టర్లు గ్రామాల్లో మకాం వేసి, మామిడి తోపుల్లో డేరాలు కొట్టించి జమాబందీ జరిపించేవారు. 1834 నుంచి 1861 దాకా మైసూరు కమిషనర్‌గా ఉన్న మార్క్ కబ్బన్‌కి నంది కొండ మీద బంగళా ఉండేది. అదే కొండ మీద, 1986 నవంబరులో బెంగళూరులో సార్క్ సమావేశం జరిగినప్పుడు, ఏడు దేశాల నాయకులు ఊరి సందడికి దూరంగా కూర్చుని మాట్లాడుకున్నారు. పంచాంగం తిరగేస్తే అది కార్తీకమాసమే! రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో దక్షిణాది పర్యటన మధ్య విశ్రాంతి కోసం మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో ఆగాడు. విశ్రాంతి పేరుకే. జనగణమనను ఇంగ్లీషులోకి రాసుకున్నది అక్కడే. మార్గరెట్ కజిన్స్ ఆ పాట బాణీకి స్వరాలు కట్టి రాసిందీ అక్కడే. మా తోట నుంచి మదనపల్లె మరీ దూరం కాదు. మాలో ఎవరైనా "తోటలో పని సాగదు" అని సణిగితే ఠాగూర్‌ని అడ్డం పెట్టడం నాకు అలవాటు.

అయితే ఆ పెద్దలందరికీ మనకు లేని సౌకర్యం ఒకటుంది. వాళ్లు ఎప్పుడు బల్ల ముందు కూర్చుంటే అదే పనివేళ. కబ్బన్ దొరను రాత్రి పదిన్నరకు డల్లాస్ నుంచి ఎవరూ పిలవలేదు. 1985లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరు వచ్చి, ఉపగ్రహం ద్వారా ఇక్కడి డిజైన్లు అమెరికాకి చేరవేయడం మొదలుపెట్టింది. ఈ ఊరి పని ఇంకో ఊరి పొద్దుకి ముడిపడిపోవడం అక్కడే మొదలు. అందుకే తోటకి వెళ్లేవాళ్లు సర్దుకోవాల్సిన మొదటి సామాను వేళలు. నెట్ దానికి తర్వాతే.

ఈ మాట చెబితే స్నేహితులు నొచ్చుకుంటారు గానీ, తోటకి మనుషుల్ని ఎంచుకోవాల్సింది స్నేహాన్ని బట్టి కాదు, షిఫ్టును బట్టి. అందరూ అమెరికా క్లయింట్ల వాళ్లయితే పొద్దంతా మనదే. చెరువు గట్టు మీద నడక, ఎండ ఎక్కేలోగా టిఫిన్లు, మధ్యాహ్నం కునుకు, చీకటి పడ్డాక అందరూ ఒకేసారి మాయం. అందరూ ఇక్కడి షిఫ్టు వాళ్లయితే రాత్రంతా మనదే, నెగడు చుట్టూ కబుర్లు. రెండూ కలిసిన గుంపులో ఒకడు నిద్ర లేచేసరికి ఇంకొకడు పడుకుంటాడు. లండన్ క్లయింట్లున్న మనిషి పరిస్థితి మరీ దయనీయం. ఆయనకి సరిగ్గా అందరూ వనానికీ భోజనానికీ కూర్చునే వేళలోనే మీటింగులు. ప్రాణ స్నేహితులు ఇలా ఒకే ఇంట్లో వారం ఉండి ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తిరిగొచ్చిన సందర్భాలు చూశాను.

అమెరికా గడియారం చేసే చిలిపి పని ఒకటుంది. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు ముల్లు గంట వెనక్కి తిప్పుకుంటారు. న్యూయార్క్ మధ్యాహ్నం పన్నెండుకి పెట్టిన మీటింగు మనకు రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదిన్నరకు జరిగిపోతుంది. అది తరచూ కార్తీకం మధ్యలోనే వచ్చిపడుతుంది. సోమవారం ఉపవాసం ఉండి నక్షత్రం చూశాక తినేవాళ్లకి ఇది కలిసొచ్చింది. అంతకుముందు ఏడున్నర మీటింగు పొట్ట మాడ్చేది, ఇప్పుడది ఎనిమిదిన్నరకు జరగడంతో భోంచేసి కూర్చుంటున్నారు. శివుడికీ వాల్ స్ట్రీట్‌కీ ఇంతకంటే మంచి రాజీ ఎవరు కుదర్చగలరు?

ఇక నెట్ సంగతి. స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్‌ని నమ్మకూడదు. అది ఖాళీ ఇంట్లో, ఒక్క ఫోనుతో, తెల్లవారుజామున తీసింది. డజను ల్యాప్‌టాప్‌లు ఒకేసారి వీడియో తెరిస్తే అందరి మొహాలూ చదరాలు చదరాలుగా విడిపోతాయి. మేం చివరికి పట్టుకున్న పద్ధతి ఆ నేలలోనే ఉంది. కోలారు, చిక్కబళ్లాపుర చెరువుల కింద పొలాలకి నీళ్లు వదలడానికి నీరుగంటి ఉండేవాడు. ఎవరి మడికి ఎంతసేపో, ఎవరి తర్వాత ఎవరో అతను చెప్పిందే చెల్లేది. తూము దగ్గర పెద్ద రైతు, చిన్న రైతు అని ఉండదు. మేమూ గుంపులో ఒకరిని అలా పెడతాం. ఆ మనిషికి అందరి క్యాలెండర్లూ ముందు రోజు రాత్రే పంపాలి. వీడియో తప్పనిసరైన వాళ్లకి ఇంటి వైఫై, మాటలు చాలనుకున్నవాళ్లకి సొంత ఫోన్ హాట్‌స్పాట్, పెద్ద ఫైళ్లు దించుకునేవాళ్లు అర్ధరాత్రి దాటాకే. ఈ పదవి మేనేజర్లకి ఇవ్వకూడదని అనుభవం చెప్పింది. వాళ్లకి ప్రతి మీటింగూ తప్పనిసరే. మాకు దొరికిన అత్యుత్తమ నీరుగంటి ఒక పదో తరగతి పిల్ల. పరీక్షల పేరు చెప్పి ఆన్‌లైన్ క్లాసుకి తన వంతు ముందే రాసేసుకుని, తర్వాత డైరెక్టర్ స్థాయి పెదనాన్నని కూడా హాట్‌స్పాట్‌కి తోసేసింది.

వనభోజనం అంటే నాకు గుర్తున్నది మగవాళ్ల పేకాట, ఆడవాళ్ల గాడిపొయ్యి. ఇప్పుడు ఆడవాళ్ల ఒళ్లోనూ ల్యాప్‌టాప్ ఉంది, పొయ్యి మాత్రం మొదట్లో వాళ్ల దగ్గరే ఉండిపోయింది. రిలీజ్ కాల్‌లో ఉన్న ఒకావిడ మ్యూట్ నొక్కి పప్పులో చింతపండు వేశారా అని అడుగుతుంటే, ఏ కాలూ లేని ఆవిడ మొగుడు ఉయ్యాల ఊగుతున్నాడు. ఇలాగైతే ఈ యాత్ర ఆడవాళ్లకు రెండు షిఫ్టుల వారం అవుతుంది, అంతకంటే ఇంట్లో ఉండడం నయం. అందుకే వంటకి పూర్తిగా డబ్బిచ్చి అక్కకి అప్పజెప్పేశాం. ఊళ్లో ఇంకో ఇద్దరిని ఆవిడే మాట్లాడుకుంటుంది. ఎంగిలి కంచాలు ఎవరివి వాళ్లే కడుక్కోవాలి. గుంపు యాత్రలు చెడేది సింకు దగ్గరే, వైఫై దగ్గర కాదు.

వంట వదిలేసినా చేతులకి ఒక పని దొరికింది. 2023లో అధిక శ్రావణం వచ్చి కార్తీకం డిసెంబరు దాకా సాగింది. అప్పటికి చలి ముదిరి అనపకాయలు గంపలకొద్దీ వచ్చాయి. బెంగళూరు సంతల్లో అవరెకాయ అని అమ్మేది అదే. ఒలిచిన గింజల్ని నానబెట్టి, ఒక్కొక్కటే వేళ్ల మధ్య పితికితే తొక్క ఊడి పప్పు జారి పడుతుంది. పితికిపప్పు కూరకి అంత శ్రమ ఉంది గనకే ఇళ్లల్లో తగ్గిపోయింది. సాఫ్ట్‌వేర్ రంగంలో మాత్రం నోరు విప్పనక్కర్లేని మీటింగులకి కొదవ లేదు. చెవిలో ఇయర్‌ఫోన్, కెమెరా ఆఫ్, ముందు నానిన గింజల బేసిన్. త్రైమాసిక సమీక్ష ఒకటి పూర్తయ్యేసరికి పన్నెండు మందికి సరిపడా పప్పు తయారు. చేతులు ఆడుతుంటే చెవులు కూడా బాగా పనిచేస్తాయేమో, ఆ సమీక్షలో చెప్పిన మాటలు నాకింకా గుర్తున్నాయి. బల్ల ముందు విన్నవి ఒక్కటీ లేవు.

రాత్రి పూట తోటలో మెలకువగా ఉండేది మేమే అనుకునేవాణ్ణి. పదకొండు దాటాక చూస్తే గట్టు మీద టార్చిలైట్లు. కర్ణాటకలో పంపుసెట్లకి రోజుకి ఏడు గంటల త్రీఫేజ్ అన్నది ప్రభుత్వం మాట. అందులో కొంత రాత్రి పూటే వస్తుంది. వెయ్యి అడుగులు దాటిన బోర్లు, అడుగున మిగిలిన నీళ్లు, కరెంటు వచ్చిన క్షణం మోటారు వెయ్యాలి. రైతు ఎక్కడో సబ్‌స్టేషన్ వేళకి మేలుకుంటున్నాడు, మేం ఎక్కడో న్యూజెర్సీ వేళకి. తేడా కూడా చెప్పాలి. మా నిద్రకి జీతం ఉంది, ఆయన టమాటాకి ధర ఎంతో తెల్లారి మార్కెట్‌కి వెళ్తే గానీ తెలీదు. ఈ నేలకి బెంగళూరు పంపేది మమ్మల్నే కాదు. ఊళ్లో వాడిన నీళ్లని శుద్ధి చేసి కోలారు చెరువులకి ఎత్తిపోసే కేసీ వ్యాలీ పథకం 2018లో మొదలైంది. నగరం వాడేసిన నీళ్లూ, వాడేసిన మనుషులూ ఒకే దారిన తూర్పుకి వెళ్తున్నామని మాలో ఒక హాస్యప్రియుడి సిద్ధాంతం.

ఇదంతా ఎంత కాలం సాగుతుందో కంపెనీల చేతిలో ఉంది. బీపీవో వాళ్లు ఇంటి నుంచి పనిచేయాలంటే ఒకప్పుడు టెలికాం శాఖ రిజిస్ట్రేషన్లు, బ్యాంకు గ్యారంటీలు అడ్డం పడేవి. 2020 నవంబరులో ఆ నిబంధనలు సడలాయి. అదే ఏడాది టీసీఎస్, 2025 నాటికి ఏ సమయంలోనైనా నాలుగో వంతు ఉద్యోగులే ఆఫీసులో ఉంటే చాలునని ప్రకటించింది. 2023 అక్టోబరు వచ్చేసరికి అదే సంస్థ వారానికి ఐదు రోజులూ రమ్మంది. మా గుంపూ అలాగే పలచబడింది. ఒకరు శుక్రవారం రాత్రి వచ్చి ఆదివారం వెళ్లిపోతారు. ఇంకొకరికి ఊరు దాటితే మేనేజర్‌కి మెయిల్ పెట్టాలి. కంపెనీ తరఫున ఒక మాట చెప్పకపోతే అన్యాయం. క్లయింట్ రహస్యాలున్న తెరని పదిమంది తిరిగే వరండాలో తెరవడం తప్పే. అలాంటి పని ఉన్నవాళ్లకి మేం లోపలి గది కేటాయిస్తాం, అదీ కుదరకపోతే వాళ్లు సెలవు పెట్టుకుని రావాలి.

అక్క కొడుకు కూడా సాఫ్ట్‌వేరే. ఇంజినీరింగ్ చదివి బెంగళూరులో పీజీ హాస్టల్లో ఉంటాడు, ఐదు రోజులూ ఆఫీసు. మేం ఆ అబ్బాయి గదిలో, ఆ అబ్బాయి బల్ల మీద, వాళ్ల నాన్న వేయించిన ఫైబర్ లైనుతో పనిచేసుకుంటాం. పోయినసారి ముద్ద వడ్డిస్తూ అక్క అడగనే అడిగింది. "ఏమప్పా, ఊరుగాని ఊరోళ్లు మీరు మా ఇంట్లో కూసోని పని జేస్తావుండారు. మావాడు వాని ఇంట్లో వాడు కూసోని జేస్తే ఏం పోతాది? మీరు పెద్ద ఆఫీసులోళ్లు గదా, ఎవురికన్నా చెప్పేది ఉంటే చెప్పండప్పా." ఆంధ్రలో మండల స్థాయి దాకా కో-వర్కింగ్ కేంద్రాలు పెడతామని 2025లో అక్కడి ప్రభుత్వం చెప్పిందని ఎవరో అన్నారు. "అది ఆ పక్క గదప్పా, మనది ఈ పక్క" అని ఆవిడ తీసిపారేసింది. వరసలో మూడో వాడు ఒక కంపెనీ హెచ్‌ఆర్‌లో పనిచేస్తాడు, ఐదు రోజుల హాజరు మెయిళ్లు రాసేది అతనే. అందరం అతని వైపు చూశాం. అతను ఇంకో ముద్ద వేయించుకున్నాడు.