వయస్సు చెప్పని పుటలు

గత మార్గశిరమున, కంది చేలు పూత నుండి పిందెకు తిరుగుచున్న దినములలో, ఒకనాటి సాయంకాలము తాండూరు ప్రాంతము నుండి ఎవరో యువకుడు నాకు ఫోను చేసి, అంతర్జాలమున నా వ్యాసమొకటి చదివితిననియు, అందు చెప్పిన మందు కొరకు పొద్దుటి నుండి మూడు దుకాణములు తిరిగితిననియు చెప్పెను. “సార్, మీరు రాసిన మందు ఎక్కడ లేదంటున్రు. బందయి శానేండ్లయిందట. పురుగు కాయల దూరింది. ఇప్పుడు ఏం గొట్టాలె?” అని అతడడిగిన స్వరములో నాపై కోపమేమియు లేదు, నేను వ్రాసినది తప్పై యుండదను నమ్మకమే యుండెను. ఆ నమ్మకమే ఆ రాత్రి నన్ను నిద్రపోనీయలేదు.

ఆ వ్యాసము నాదే. 2003లో ఒక వ్యవసాయ మాసపత్రికకు వ్రాసి, మరుసటి యేడు మిత్రులతో కలిసి నడుపుచుండిన వెబ్‌సైటులో చేర్చితిని. కందికి పట్టు శనగపచ్చ పురుగు నివారణకు లీటరు నీటికి రెండు మిల్లీలీటర్ల ఎండోసల్ఫాన్ కలిపి పిచికారి చేయవలెనని అందు నిస్సంశయముగా వ్రాసియుంటిని. వ్రాసిన నాటికి అది శాస్త్రజ్ఞులు చేయుచుండిన సిఫారసే. అయితే కేరళలోని కాసరగోడు జీడిమామిడి తోటలపై ఏండ్ల తరబడి ఆకాశము నుండి చల్లిన ఆ విషము అచ్చటి జనులకు తెచ్చిన దుర్గతి లోకమునకు తెలిసిన పిదప, 2011 మే 13న సుప్రీంకోర్టు దేశమంతట దాని తయారీని, విక్రయమును, వాడుకను నిలిపివేసెను. కోర్టు నిలిపినది, కర్మాగారములు నిలిపినవి, దుకాణములు నిలిపినవి. నా పుట మాత్రము రేయింబవళ్లు అడిగినవారికెల్ల ఆ మందునే చెప్పుచు కూర్చున్నది.

పాత పత్రిక చేతికి వచ్చినపుడు దాని వయస్సు చదువరికి వేరుగ చెప్పనక్కరలేదు. అంచులు పండుబారిన కాగితము, అరిగిన సీసపు అక్షరములు, వెనుక అట్టపై నేడు కానరాని సబ్బు ప్రకటన, అణాలలో ముద్రించిన వెల, ఇవన్నియు కలిసి, ఇందలి మాట ఆ కాలపు మాట సుమా యని చదువరిని మొదటనే హెచ్చరించును. తెరమీది పుటకు అట్టి జరాలక్షణములు లేవు. ఇరువది యేండ్ల నాటి వ్యాసమును నిన్నటి వ్యాసమును ఒకే తెల్లని నేలపై ఒకే నల్లని అక్షరములతో వెదకువాని ముందు సమానముగా నిలుచును. కాగితము తనంత తాను చేయు పనిని ఇచ్చట వ్రాసినవాడే చేయవలెను. చేయనియెడల చేయువాడు మరియొకడు లేడు.

తొలుత నాకు తోచినది ఆ పుటను తొలగించుట. మిత్రులును అదియే మేలనిరి. కాని తొలగించుటకు ముందు ఆ వ్యాసములోని వాక్యమొకటి గూగుల్‌లో వెదకి చూడగా, తేదీ లేకుండ, నా పేరును లేకుండ, మరి నాలుగు చోట్ల అదే పాఠము యథాతథముగా కానవచ్చెను. నా పుట మాయమైనచో, వెదకుచు వచ్చు రైతుకు 404 అను అంకె కనబడును. అతడు వెనుదిరిగి ఆ నాలింటిలో ఒకదానికి పోవును. అచ్చట ఎండోసల్ఫాన్ ఉన్నది, దిద్దుబాటు లేదు. కావున పుటను నిలిపి, చిరునామాను మార్చక, ఆ చిరునామాకు వచ్చిన వానికే నేటి మాట చెప్పుట నా విధియని నిశ్చయించితిని. వరల్డ్ వైడ్ వెబ్‌ను రూపొందించిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే పుటల చిరునామాలు మార్చరాదని వాదించుచు ఒక చిన్న వ్యాసము వ్రాసెను. అప్పుడు నేను దానిని యంత్రజ్ఞుల చాదస్తముగా నెంచితిని. తాండూరు యువకుని ఫోను వచ్చిన తరువాత దాని అర్థము నాకు బోధపడినది.

ఇప్పుడా పుట పైభాగమున, తక్కిన అక్షరముల కంటె పెద్దగా, ఎండోసల్ఫాన్ నిషేధింపబడినదనియు, ఏ తేదీన నిషేధింపబడినదో ఆ సంగతియు కలదు. దాని క్రింద నేటి సిఫారసు. అటు క్రింద, 2003లో వ్రాసినది అను శీర్షికతో, పాత పాఠము, నిషిద్ధమైన మందు పేరు కొట్టివేతతో సహా. ఇంత అక్కరయా అని కొందరడిగిరి. తప్పును తుడిచివేసినచో, ఆ తప్పును చదివి నమ్మి పోయినవాడు తిరిగి వచ్చినపుడు, తాను చదివినది కలయో నిజమో అతనికి తెలియదు.

దిద్దుటకు కూర్చున్న పిదప తెలిసినది, మందొక్కటే కాదు, వ్యాసములో మాట మాటకును వయస్సు మీరినదని. ‘రంగారెడ్డి జిల్లా తాండూరు’ అని వ్రాసితిని. 2016 అక్టోబరు 11 నుండి తాండూరు వికారాబాదు జిల్లాలోనిది. సందేహములున్నచో హైదరాబాదు రాజేంద్రనగరులోని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు వ్రాయుడంటిని. రాష్ట్ర విభజనానంతరము ఆ విశ్వవిద్యాలయము గుంటూరు దాపున లాంకు చేరినది, రాజేంద్రనగరులో ప్రొఫెసర్ జయశంకర్ పేర మరియొకటి వెలసినది. వ్యాసమును వెబ్‌సైటులో చేర్చునపుడు ఉత్సాహముతో అడుగున చేర్చిన కిసాన్ కాల్ సెంటరు సంఖ్య 1551. అది 1800-180-1551గా మారి చాలకాలమైనది.

ఇవన్నియు ఒక్క మీట నొక్కి మార్చివేయవచ్చునని మా వెబ్‌సైటు చూచు కుర్రవాడు చెప్పెను. రంగారెడ్డి అన్నచోటనెల్ల వికారాబాదు అని తానే మార్చెదనని కూడ ముందుకు వచ్చెను. నేను వలదంటిని. ఏలయన అదే వ్యాసములో నాలుగు పేరాల దిగువ, రంగారెడ్డి జిల్లాలో ఆ యేడు కంది ఎన్ని ఎకరములలో వేసిరో చెప్పు వాక్యమొకటి కలదు. ఆ లెక్క నాటి రంగారెడ్డికి చెందినది. ఆ జిల్లా ఎల్లలు వేరు. పేరు మార్చి అంకెను అట్లే ఉంచినయెడల, నిజమై యుండిన వాక్యము నా చేతిమీదుగా అబద్ధమగును. ఊరు ఎచ్చటనున్నదో చెప్పు వాక్యమునకు నేటి పేరు కావలెను. ఆ నాడు ఏమి జరిగెనో చెప్పు వాక్యమునకు ఆనాటి పేరే ఉండవలెను. ఈ రెండింటిని వేరుచేయుటకు వాక్యమును చదువుట తప్ప మార్గాంతరము లేదు. ఆంధ్రప్రదేశములోని పదమూడు జిల్లాలు 2022 ఏప్రిల్ 4న ఇరువదియారైనపుడు ఎన్ని పాత పుటలలో ఇట్టి మూకుమ్మడి మార్పులు జరిగినవో తలచుకొన్నచో నాకు దిగులు కలుగును.

ఇంతకంటె భయంకరమైనది మరియొకటి కలదు. ఆ రోజులలో తెలుగునకు యూనికోడ్ వాడుక ఇంకను రాలేదు. ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఫాంటు, ఒకదాని అక్షరము మరియొకదానిలో అర్థములేని గీత. పిదప ఎవరో పుణ్యాత్ములు మార్పిడి పనిముట్లు తయారుచేయగా మా వ్యాసములన్నింటిని ఒక్క దినములో యూనికోడ్‌లోనికి దింపితిమి. ‘ప్రత్తి’ యొక్క రవత్తు ‘త్తి’ ప్రక్కకు జరుగుట వంటివి కంటికి కనబడుచుండెను గనుక అవి దిద్దితిమి. కనబడనిది వేరు. నా దగ్గరనున్న అచ్చు ప్రతిని ప్రక్కన పెట్టుకొని, స్కేలు ఆనించి, పంక్తి పంక్తి పోల్చి చదువుచుండగా, రసము పీల్చు పురుగుల పేరాలో, అచ్చులో ‘ఎసిఫేట్ 1.5 గ్రాములు’ అని ఉన్నచోట తెరపై ‘ఎసిఫేట్ 15 గ్రాములు’ అని ఉన్నది. పాత ఫాంటులో చుక్క ఉండిన స్థానమును మార్పిడి పనిముట్టు గుర్తింపక విడిచివేసినది. ఒక్క చుక్క పోయి మోతాదు పదింతలైనది. అది ఎందరు చదివిరో, ఎందరు కలిపిరో నేనెరుగను. ఆ నాటి నుండి అంకె యున్న ఏ వాక్యమును అచ్చు ప్రతితో సరిచూడక పైకి పంపుట లేదు.

ఇట్టి శోధన మన భాషకు క్రొత్త గాదు. కడపలో బ్రౌను దొర పండితులను కూర్చుండబెట్టి, ఒకే కావ్యమునకు పలు తాళపత్ర ప్రతులు తెప్పించి, పాఠములు పోల్చి శుద్ధప్రతులు వ్రాయించెను. ఆయన తెలుగు ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడగా, అరువది యేండ్లు నిండకముందే 1903లో వెంకటరత్నము, క్యాంబెల్, కందుకూరి వీరేశలింగము గార్లు దానిని పరిష్కరించి కాలోచితముగా ప్రకటించిరి. గ్రంథముపై బ్రౌను పేరు నిలిచినది. పరిష్కరించినది తామని వారి పేర్లును నిలిచినవి. ఏది ఎవరిదో, ఏది ఎప్పటిదో చదువరికి దాపరికము లేదు.

దాపరికమును గూర్చి ఒక మాట కఠినముగానే చెప్పవలసియున్నది. పాత వ్యాసములో ఒక్క అక్షరమైనను మార్చక, పై తేదీని మాత్రము నేటిదిగా మార్చి, వెదకువారి కంట ముందుగా పడునట్లు చేయు అలవాటు నేడు విరివిగా ప్రబలినది. గడువు తీరిన మందు డబ్బాపై క్రొత్త చీటీ అంటించి అమ్మినవానిని మనము దుకాణదారుడనము. తేదీ మార్చినవాడు చేయునదియు అదియే. నేను వ్యాసమునకు రెండు తేదీలు పెట్టుచున్నాను, మొదట వ్రాసిన తేదీ, చివరిసారి సరిచూచిన తేదీ. సరిచూచి ఏమియు మార్చనక్కరలేదని తేలినచో ఆ సంగతియే వ్రాయుచున్నాను.

సరిచూచుట ముగిసిన తరువాత పాతవానిని క్రొత్త పనికి ఉపయోగించుట ఆరంభించితిని. కందిపై వేర్వేరు ఏండ్లలో నేను వ్రాసినవి పదునొకండు వ్యాసములు. ఒకదానిలో విత్తనశుద్ధి, ఒకదానిలో ఎండు తెగులు, ఒకదానిలో నిలువ పురుగు. వీనినన్నింటిని వెదకి చదువు తీరిక పురుగు పట్టిన రైతుకు ఉండదు. అందుచే దుక్కి నుండి నూర్పిడి వరకు నెలల వరుసను ఒక్క పుటగా కూర్చి, విడి వ్యాసములలో ఇక వేరుగ నిలువనక్కరలేని వాని చిరునామాలను, ఇల్లు మారిన వాని ఉత్తరముపై తపాలావారు క్రొత్త చిరునామా వ్రాసి పంపినట్లు, ఈ పుటకు మళ్లించితిని. కూర్చునపుడు నాకొక సంతోషము కలిగినది. మందుల పేరాలన్నియు శిథిలమై రాలిపోగా, అప్పట్లో చివర రెండు పంక్తులలో ముగించిన సంగతులే చెక్కుచెదరక నిలిచినవి. లింగాకర్షక బుట్టలు, చేను చుట్టు బంతి మొక్కలు, పక్షులు వాలుటకు పంగల కర్రలు, ఐదు శాతము వేపగింజల కషాయము, మొక్క క్రింద దుప్పటి పరచి కొమ్మలు దులిపి పురుగులను ఏరివేయుట, ఇవి క్రొత్త పుటలో మొదటి స్థానమునకు వచ్చినవి. ‘పిచికారి చేయవలెను’ అని వ్రాసిన చోట్లనెల్ల ‘కొట్టాలె’ అని ఆ యువకుడు పలికిన మాటను పెట్టితిని.

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ వాక్యమొకటి చేర్చినపుడు మాత్రము చేతికి బరువు తెలియలేదు.

నేటి ఉదయము వరి ఉల్లికోడుపై 2002 నాటి వ్యాసము తెరచితిని. మూడవ పేరాలో ఫోరేట్ గుళికలు ఎకరమునకు ఐదు కిలోలని ఉన్నది. దాని ప్రక్కన ‘2020 డిసెంబరు 31 నుండి నిషేధము’ అని ఎర్ర సిరాతో గుర్తుపెట్టుకొని, అచ్చు ప్రతిపై స్కేలును నాలుగవ పేరాకు జరిపితిని. ఇంకను నూటనలువది వ్యాసములు కలవు.